పెళ్ళి ఫోటోలో లేని వియ్యపురాలు

నేను ఒక పనోరమా కెమెరాని. నన్ను ఎరిగినవాళ్ళు గౌరవంగా ఆ పేరుతోనే పిలుస్తారు. ఎరగనివాళ్ళు మాత్రం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదేటి, దీని కన్ను పక్కకి పోయిందే" అంటారు. ఆ మాటకి నొచ్చుకోవడం నేను ఏనాడో మానేశాను. నా కన్ను పక్కకి పోలేదండీ, పక్కకి పోవడానికే పుట్టింది. మామూలు కెమెరాలు ఎదురుగా ఉన్నది చూసి అక్కడితో తృప్తి పడతాయి. బటన్ నొక్కగానే నా కన్ను ఎడమ చివర నుంచి కుడి చివర దాకా బర్రుమంటూ తిరిగి, ఆ భుజం పక్కనున్నదాన్నీ ఈ భుజం పక్కనున్నదాన్నీ కూడా ఒకే పొడుగాటి బొమ్మలో పట్టేస్తుంది. ఇంత చూపు ఉన్నా ఒంటికి గర్వం లేదు, గుప్పెట్లో ఇమిడిపోతాను. ఈ రోజుల్లో నాకు రీళ్ళు దొరకడం కష్టమైపోయింది కాబట్టి గాజు తలుపుల వెనక కూర్చుని విశ్రాంతి తీసుకుంటున్నాను. చెప్పడానికి బోలెడంత తీరికుంది, వినండి.

నేను పుట్టింది ఓ మంచు దేశంలో. ఊలు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నా మరలు బిగించారు. వృత్తిగా ఫోటోలు తీసేవాళ్ళ కోసం కాదు, సెలవు రోజుల్లో సరదాకి తీసుకునేవాళ్ళ కోసం తయారుచేశారు నన్ను. సరదా మనుషుల చేతిలో పడితే బతుకు సుఖంగా గడుస్తుందనుకున్నాను. వాళ్ళ సరదా ఎలాంటిదో అప్పటికి నాకేం తెలుసు?

మొదట నన్ను కొన్నది ఓడలో వంటవాడు. ఆయన సముద్రాన్ని తప్ప మరి దేన్నీ ఫోటో తియ్యలేదు. ఎడమన నీళ్ళు, మధ్యన నీళ్ళు, కుడిన నీళ్ళు. ఇంత వెడల్పు చూపు పెట్టుకుని ఒక్క మనిషి ముఖమైనా చూడకుండా ఎన్ని ఓడరేవులు తిరిగానో. చివరికి విశాఖపట్నంలో దిగినప్పుడు, పాత పోస్టాఫీసు దగ్గర ఒక పాత సామాన్ల దుకాణంలో చెక్క ఏనుగొకటి ఆయన కంట పడింది. అంతే, ఏనుగు ఓడెక్కింది, నేను దిగిపోయాను. పాడైపోయిన గ్రామఫోనుకీ బొగ్గుల ఇస్త్రీ పెట్టెకీ మధ్యన నాకు చోటిచ్చారు. ఏనుగు కన్నా తీసిపోయానే అన్న బాధ కొన్నాళ్ళుండేది.

అక్కడి నుంచి నన్ను విడిపించినవారు కిల్లాడ సన్యాసిరావు గారు. వారమంతా టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, ఆదివారం వస్తే ఫోటోగ్రాఫరు. గడియారం బాగు చేయించుకుందామని ఆ దుకాణానికి వచ్చిన మనిషి, నన్ను చూసి, ఆ గడియారాన్నే దుకాణదారు చేతిలో పెట్టేసి నన్ను పట్టుకెళ్ళిపోయారు. అది ఆయన పెళ్ళిలో బావమరిది పెట్టిన గడియారం. ఇంటికెళ్ళాక ఆయన భార్య వరహాలమ్మ గారు "టైమెంతయిందండీ" అని అడిగితే, "వెలుతురు బాగుంది" అన్నారు.

మంచి మనిషే, కాదనను. కాకపోతే ఆయనకి ఏది చూసినా నాలోంచే చూడాలి. బీచికి తీసుకెళ్ళి, భార్య చేతిలోనూ కూతురు చేతిలోనూ మురీ మిక్చరు, అదే మరమరాల మిక్చరు, పొట్లాలు పెట్టి, "తినొద్దు, పట్టుకోండి" అనేవారు. ఈయన వెలుతురు చూసుకుని, కోణం చూసుకుని, బటన్ నొక్కేసరికి మురీలు మెత్తబడిపోయేవి. ఆయన కూతురు హైమ నవ్వు ఆపుకోలేక కదిలిపోయేది. ఆ ఇంట్లో నా ముందు కదలడానికి ధైర్యం ఉన్నది ఆ పిల్లకొక్కదానికే.

ఇలా ఉండగా హైమకి పెళ్ళి కుదిరింది. వరుడు కామేశ్వరరావు, అనకాపల్లి బెల్లం వ్యాపారి దాడి నూకరాజు గారికి ఒక్కగానొక్క కొడుకు. నూకరాజు గారు భారీ విగ్రహం, మాట నెమ్మది. ఆయన భార్య పాపయ్యమ్మ గారు పీలగా ఉంటారు, మాట మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడా ఉంటుంది. పెళ్ళి పనుల్లో ఉండగానే సన్యాసిరావు గారు ప్రకటించేశారు: తాళి కట్టడం, తలంబ్రాలు లాంటివి స్టూడియో అతను తీస్తే తియ్యనీ, రెండు కుటుంబాలూ కలిసిన పెద్ద ఫోటో మాత్రం తన చేతులతోనే తియ్యాలట. స్టూడియో అతను నా వైపు ఓ చూపు చూసి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మండపం ముందు అందరినీ తాడు కట్టి కొలిచినట్టు తిన్నగా వరసలో నిలబెట్టారు సన్యాసిరావు గారు. ఇక మర్యాదల దగ్గరికి వచ్చింది వ్యవహారం. మగపెళ్ళివారి పెద్దని ఎక్కడ నిలబెట్టాలి? ఎక్కడో మధ్యన గుంపులో కలిపేస్తే బాగుంటుందా? పెద్దమనిషి అన్నాక వరసకి మొదట ఉండాలి. అందుకని నూకరాజు గారిని ఎడమ కొసన నిలబెట్టారు. ఆయనకి సరిజోడుగా పాపయ్యమ్మ గారిని కుడి కొసన నిలబెట్టారు. మధ్యన వధూవరులు, వాళ్ళ వెంట తక్కిన చుట్టాలు. వధువు పక్కన అచ్చంగా నా ఎదురుగా ఎవరు పడ్డారయ్యా అంటే, వరహాలమ్మ గారి తమ్ముడు, ఆ గడియారం పెట్టిన బావమరిది.

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. తిన్నగా నిలబడ్డ వరసలో మధ్యవాళ్ళు నాకు దగ్గర, కొసల్లో వాళ్ళు బాగా దూరం. దగ్గరున్నవాళ్ళు పెద్దగా పడతారు, దూరమున్నవాళ్ళు చిన్నగా పడతారు. నేను మర్యాదలు చూసుకుని బొమ్మ గియ్యలేను కదా. ఇంకో సంగతి కూడా ఉంది. నా చూపు అంత వెడల్పు కాబట్టి, నన్ను పట్టుకున్న చేతి వేళ్ళు వెనక్కి ముడుచుకుని ఉండాలి. ఏమాత్రం ముందుకొచ్చినా అవీ ఫోటోలో పడతాయి. సన్యాసిరావు గారికి ఈ సంగతి తెలుసు. కానీ ఆ రోజు కూతురి పెళ్ళి, ఒళ్ళు తెలియని సంతోషం. కుడిచేతి నడిమి వేలు పగడపు ఉంగరంతో సహా ముందుకు వచ్చి కూర్చుంది.

అటు కుడి కొసన పాపయ్యమ్మ గారు నిలబడి ఉన్నారు. పొద్దున్నుంచీ విడిదింట్లో చుట్టాల కాఫీలూ, పిల్లల అలకలూ చూసుకుంటూ ఒక్క క్షణమైనా కూర్చోని మనిషి, ఈ ఒక్క ఫోటో కోసం మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని, కాసులపేరు వేసుకుని, రెప్ప వెయ్యకుండా, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నా కన్ను తిరుగుతూ తిరుగుతూ ఆవిడ దాకా వెళ్ళింది. వెళ్ళేసరికి అక్కడ వేలుంది.

నా బొమ్మలు కడగడం అన్ని స్టూడియోలకీ చేతకాదు. ఇదిగో అదిగో అంటూ ఆ ఫోటో చేతికొచ్చేసరికి ఆషాఢం వచ్చేసింది. కొత్త కోడలు ఆషాఢ మాసమంతా అత్తగారింట ఉండకూడదు కదా, హైమ పుట్టింటికి వచ్చేసింది. సన్యాసిరావు గారు ఫోటో చూసుకుని మురిసిపోయారు. మండపం రెండు గేట్లూ పడ్డాయి, అరటి చెట్లు పడ్డాయి, ఐస్‌క్రీం బండి కూడా పడింది. వరహాలమ్మ గారు దగ్గరగా పట్టుకుని చూసి, "ఈ చివర లావుగా ఏటండీ ఇది?" అన్నారు.

"పందిరి గుంజ" అన్నారాయన, చూడకుండానే.

దానికి పొడుగాటి ఫ్రేము కట్టించి, భుజాన పెట్టుకుని, నన్ను మెడలో వేసుకుని, బస్సెక్కి అనకాపల్లి వెళ్ళారు. వియ్యాలవారి హాల్లో స్వయంగా మేకు కొట్టి మరీ తగిలించారు. నూకరాజు గారు మొహమాటంగా "బాగుంది బావగారూ" అన్నారు. పాపయ్యమ్మ గారు కాఫీ తెచ్చి, ఫోటో ముందు నిలబడి, ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతుక్కుంటున్నారు. ఇంతలో ఎదురింటావిడ కొత్త ఫోటో వచ్చిందని చూడ్డానికి వచ్చింది.

"మధ్యన ఈ పెద్దాయనేనేటి పెళ్ళికొడుకు నాన్న?" అంది బావమరిదిని చూపించి. కాదన్నారు. "మరి ఈ చివరనున్న బుడ్డోడెవరు వదినా, ముద్దుగా ఉన్నాడు?"

ఆ బుడ్డోడు నూకరాజు గారు. అక్కడే ఉన్న ఆయన గొంతు సవరించుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఎదురింటావిడ అంతటితో ఊరుకుందా? ఇంకాస్త ముందుకు వంగి చూసి, "అందరూ ఉన్నారు గాని నువ్వు లేవేటి వదినా? పెళ్ళికి ఎల్లలేదా?" అంది.

సన్యాసిరావు గారు అప్పుడు వెళ్ళారు ఫోటో దగ్గరికి. పందిరి గుంజకి పగడపు ఉంగరం ఎవరు పెడతారు? ఆయన తన వేలి వంక చూసుకున్నారు, ఫోటో వంక చూశారు. నా పట్టీ వదిలేసి ఆ చేతిని గబుక్కున వీపు వెనక దాచుకున్నారు. పాపయ్యమ్మ గారు పోట్లాడతారనుకున్నాను. పోట్లాడలేదు.

"అయితే నా కొడుకు పెళ్ళిలో నేను లేనన్నమాట" అని, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఎంత సేపు కూర్చున్నా బయటికి రాలేదు. నాకు ఆవిడ మీద చాలా జాలేసింది. నా చూపు మీద నాకున్న గర్వం కూడా ఆ రోజు కాస్త తగ్గింది.

శ్రావణం వచ్చింది. మంచి రోజు చూసుకుని అత్తవారు వచ్చి, సారెతో కోడల్ని తీసుకెళ్ళాలి. ఎవరూ రాలేదు. ఊరందరికీ లైన్లు కలిపే సన్యాసిరావు గారు అనకాపల్లికి ఫోన్ చేస్తే అవతల మోగుతూనే ఉండేది, తియ్యరు. చివరికి అల్లుడే ఎక్కడో బూత్ నుంచి చేశాడు. "అమ్మ ఒప్పుకోటం లేదు మావయ్యా. పెళ్ళిలోనే లేనిదాన్ని, కోడల్ని తీసుకురావడానికి నేనెవర్ని అంటోంది. నేనొక్కణ్ణీ వస్తే గొడవ ఇంకా పెద్దదవుతాది" అన్నాడు. పక్కనున్న హైమకి ఫోన్ ఇచ్చారు. ఆ పిల్ల "ఊఁ" అంటూ విని పెట్టేసింది.

సర్దిపెట్టుకున్న సూట్‌కేసు మంచం పక్కనే ఉండేది. అత్తవారింటికని మడత పెట్టుకున్న చీరల్లోంచి రోజుకొకటి తీసి కట్టుకోవడం మొదలుపెట్టింది హైమ. సూట్‌కేసు ఖాళీ అవుతున్న కొద్దీ సన్యాసిరావు గారికి అన్నం సయించడం మానేసింది. నన్ను బీరువా మీద బోర్లా పెట్టేశారు. వరహాలమ్మ గారయితే, "ఆ డబ్బాని సముద్రంలో పారేసి రండి" అన్నారు. మళ్ళీ సముద్రమా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ హైమ నన్ను కిందికి దించింది. హాల్లో స్టీలు గ్లాసులు వరసగా తిన్నగా పేర్చి, బొమ్మ ఎలా పడుతుందో చూసుకోవడానికి నా పైనున్న చిన్న కిటికీలోంచి చూసింది. కొసల్లో గ్లాసులు చిన్నగా ముడుచుకుపోయి కనబడ్డాయి. కాసేపు ఆలోచించి, నన్ను మధ్యన పీట మీద పెట్టి, గ్లాసుల్ని నా చుట్టూ వంపుగా, పిల్లలు అన్నం ముద్దల కోసం అమ్మ చుట్టూ కూర్చున్నట్టు పేర్చింది. మళ్ళీ చూసింది. అన్నీ ఒకటే సైజు. అందరూ నాకు ఒకే దూరం, అందరూ నాకు సమానం. ఇన్నేళ్ళుగా నేను చెప్పలేక చచ్చిన మాట ఆ పిల్ల గ్లాసులతో తెలుసుకుంది.

వెళ్ళి తండ్రిని లేపింది. "నాన్నా, రేపు అనకాపల్లి వెళ్దాం. ఇంకో ఫోటో తీద్దాం."

వరహాలమ్మ గారు లేచి కూర్చున్నారు. "వాళ్ళు వచ్చి పిలవకుండా నీ అంతట నువ్వు అత్తారింటికి వెళ్తావేటే? నలుగురూ ఏమనుకుంటారు?"

"పిలిచే మనిషినే మనం చెరిపేశాం కదమ్మా, ఇంకెవరు పిలుస్తారు?" అంది హైమ. సన్యాసిరావు గారు వెంటనే లేచి చొక్కా వేసుకోబోయారు. రేపు కదా నాన్నా అని కూర్చోబెట్టింది.

వరహాలమ్మ గారు ససేమిరా రానన్నారు. మర్నాడు బస్సులో ఆయన ఒళ్ళో నేను, ఆ పిల్ల ఒళ్ళో సూట్‌కేసు. నా లోపల రీల్లో ఆఖరి బొమ్మ ఒక్కటే మిగిలి ఉంది. ఇది కూడా చెడిందంటే సూట్‌కేసుతో సహా వెనక్కి రావాల్సిందే. నాకే బెదురుగా ఉంది, ఇక ఆ తండ్రి సంగతి చెప్పేదేముంది?

వియ్యాలవారింట్లో నూకరాజు గారు లోపలికి రమ్మన్నారు, కామేశ్వరరావు ముఖం వెలిగిపోయింది. పాపయ్యమ్మ గారు మంచినీళ్ళిచ్చారు గాని మాట కలపలేదు. గోడ మీద ఆ ఫోటో లేదు, మేకు మాత్రం ఉంది. సన్యాసిరావు గారు దారంతా వల్లె వేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, "చెల్లెమ్మగారూ, వెలుతురు" అని ఆగిపోయారు.

హైమ అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి పెరట్లోకి రండి అత్తయ్యా. మీరే చూడండి. నచ్చకపోతే నేను మళ్ళీ అడగను."

పెరట్లో గోడౌను ముందు బెల్లం దిమ్మలున్నాయి. స్టూలు మీద నన్ను పెట్టి, నా చుట్టూ దిమ్మల్ని గ్లాసుల్లాగే వంపుగా అమర్చింది హైమ. ఒక్కో దిమ్మ దగ్గర ఒక్కొక్కరిని నిలబడమంది. నూకరాజు గారు ఎందుకైనా మంచిదని దిమ్మ పక్కన కాకుండా దాని మీదికెక్కి నిలబడ్డారు. పాపయ్యమ్మ గారు అపనమ్మకంగా వంగి నా కిటికీలోంచి చూశారు. ఎడమ కొస చూశారు, కుడి కొస చూశారు, మళ్ళీ ఎడమ కొస చూశారు.

"మావయ్యగారు మావయ్యగారిలాగే ఉన్నారా అత్తయ్యా?" అంది హైమ.

"ఊఁ. మరి ఈ కుడి కొసన ఖాళీ ఏటి?"

"అది మీకే."

పాపయ్యమ్మ గారు ఇంట్లోకి వెళ్ళిపోయారు. తలుపు వేసుకున్నారు. సన్యాసిరావు గారు నేల చూపులు చూస్తున్నారు. నూకరాజు గారు దిమ్మ మీదే ఉండిపోయారు, దిగాలో వద్దో తెలియక. కామేశ్వరరావు తలుపు కొడతానంటే హైమ వద్దంది. ఎండ వాలిపోతోంది. సూట్‌కేసు వరండాలో నిలబెట్టినది నిలబెట్టినట్టే ఉంది. అంతా అయిపోయింది, ఇక బస్సేనని నేను కూడా అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. మామిడిపండు రంగు పట్టుచీర, మెడలో కాసులపేరు, తలలో అప్పుడే కోసి ముడుచుకున్న మందారం. పెళ్ళినాటిలాగే తయారై వచ్చారావిడ. వచ్చి, తన దిమ్మ దగ్గర నిలబడి, "బటన్ నొక్కే మనిషిని పిలవండి. అన్నయ్యగారు మాత్రం నొక్కక్కర్లేదు. ఆ చేతులు మనకొద్దు. ఆయన్ని కూడా ఇటొచ్చి నిలబడమనండి" అన్నారు.

నొక్కడానికి ఎదురింటావిడ వచ్చింది. వేళ్ళు వెనక్కి పెట్టుకోమని హైమ చెబితే, ఆవిడ భయం కొద్దీ ఒక్క వేలితో బటన్ని వేడి పెనాన్ని తాకినట్టు తాకింది. చాలు, నాకంతే కావాలి. నా కన్ను తిరిగింది. దిమ్మ మీది నూకరాజు గారు, కామేశ్వరరావు, హైమ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సన్యాసిరావు గారు, ఆఖరున రెప్ప వెయ్యని పాపయ్యమ్మ గారు. ఒక్కరూ తగ్గలేదు, నూకరాజు గారు కాస్త పెరిగారు. రీలు అయిపోయింది.

పాపయ్యమ్మ గారు స్టూలు మీద నుంచి నన్ను తీసుకుని, కాసులపేరు మీదే మెడలో వేసుకున్నారు. "పిల్ల ఉంటాది. ఇదీ ఇక్కడే ఉంటాది. నేనే కడిగించుకుంటాను" అన్నారు. కామేశ్వరరావు ఆ మాట పూర్తవకుండానే సూట్‌కేసు లోపలికి పట్టుకుపోయాడు.

సన్యాసిరావు గారు బయల్దేరడానికి లేచారు. బియ్యం సంచీ, బెల్లం దిమ్మా చేతికిస్తే, ఆయన వాటిని కింద పెట్టేశారు. ఆయనకి ఏదో తక్కువైనట్టుంది. గుండెల మీద నేనుండే చోట చెయ్యి వేసుకున్నారు, అక్కడ నేను లేను. నేనిప్పుడు వియ్యపురాలి మెడలోంచి ఆయన్ని చూస్తున్నాను. ఆయన్ని నేను అంత తీరిగ్గా ఎదురుగా చూడటం అదే మొదలు.

పెళ్ళినాడు అప్పగింతల వేళ మండపంలో ఏడవనివాళ్ళు లేరు, ఆయన తప్ప. పాలపళ్ళెంలో పిల్ల చేతులు ముంచి అత్తగారి చేతిలో పెట్టాల్సిన తండ్రి, తన బదులు బావమరిదిని నిలబెట్టి, తను నన్ను పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. "కొంచెం తలెత్తమ్మా, వెలుతురు పడటం లేదు" అన్నారు. ఎంత గుండె నిబ్బరం ఈయనకి అని జనం చెప్పుకున్నారు. ఆ కన్ను నా కిటికీకి ఎంత గట్టిగా అతుక్కుపోయిందో నాకు తెలుసు. అది తీస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

ఇప్పుడు అతికించుకోవడానికి నేను లేను. ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిని తీసుకెళ్ళి పాపయ్యమ్మ గారి చేతిలో పెట్టారు. "మా హైమ అమ్మా" అన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. హైమ కూడా ఏడ్చింది. పాపయ్యమ్మ గారు ఆ చెయ్యి వదలకుండానే పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకున్నారు.

"ఎక్కడికి పోతాది అన్నయ్యగారూ, మన ఇంట్లోనేగా ఉంది" అన్నారు.

ఆయన తలూపారు. ఊపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కూతురి ముఖంలోకి చూస్తూ నిలబడిపోయారు. విశాఖపట్నం బస్సు వీధి చివర హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.